గాయం తెలిశాకే రంగు

రోడ్డు భద్రత మీద ఫొటోల ప్రదర్శన పెడదామని ఒక కాలేజీ విద్యార్థులు అనుకున్నారు. ప్రమాద దృశ్యాలకు కావలసిన నెత్తురు కలిపే పని షార్ట్ ఫిల్ములకు మేకప్ చేసే ఒకమ్మాయికి అప్పగించారు. ఆమె మేనమామ పరిషత్తు నాటకాలకు రంగులు వేసీ, దర్శకత్వం వహించీ తల నెరిసిన మనిషి. నెత్తురు చూపించాల్సిన అవసరమే కళకు లేదని ఆయన పట్టుదల. చూపించక తప్పని చోట సరిగ్గా చూపించాలని ఆమె పట్టుదల. వంటింట్లో స్టవ్వు పక్కన ఇద్దరికీ జరిగిన వాదం ఇది. పిల్లల వేషాలకీ ఫొటోషూట్లకీ ఇంట్లోనే ఎర్రరంగు కలుపుకునేవాళ్లు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకి ఇద్దరి మాటలూ అవసరమే.

మామయ్య: రంగు తర్వాత కలుపుదువుగాని, ముందు ఈ సంగతి తేల్చు. చూసేవాడి గుండె కదలాలంటే నెత్తురే చూపించాలా? యుద్ధం, మరణం, రాజ్యం పోవడం, కోట ముట్టడి, ఇలాంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపొద్దని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. అంకాల మధ్య వచ్చే ప్రవేశకంలో మాటల ద్వారా తెలియజేయమన్నాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం వాళ్లు మొదలుపెట్టిందే కీచకవధతో. ఆ కథలో భీముడు కత్తి పట్టడు, ఒట్టి చేతులతోనే చంపుతాడు. ద్రౌపది పడ్డ అవమానం ప్రేక్షకుడి మనసుకు పట్టిందంటే, కీచకుడు చచ్చేటప్పుడు నెత్తురుతో పనేముంది?

మేనకోడలు: అదే దేశంలో భాసుడు ఊరుభంగం కూడా రాశాడు కదా మామయ్యా! తొడలు విరిగిన దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదుటే ప్రాణం విడుస్తాడు. కేరళ కూడియాట్టంలో ముక్కుచెవులు తెగిన శూర్పణఖ ఒళ్లంతా నెత్తురుతో రంగం మీదికొస్తుంది. కథకళిలో నరకాసురవధ ఆడితే నక్రతుండి అనే రాక్షసిదీ అదే తీరు. ఆ నెత్తుటిని వాళ్లు నిణం అంటారు. బియ్యప్పిండి, పసుపు, సున్నం కలిపి ఉడికించి చేస్తారు. శాస్త్రం వద్దన్నా సంప్రదాయం దానికి చోటిచ్చింది. చోటివ్వడమే కాదు, తయారీ విధానాన్ని జాగ్రత్తగా కాపాడుకుంది కూడా.

మామయ్య: పసుపూ సున్నమూ అంటే మన ఎర్రనీళ్లే. పెళ్లికూతురికీ బాలింతకీ దిష్టి తీసేవి. దసరాకి బూడిదగుమ్మడికాయకి గాటు పెట్టి, కుంకుమ నింపి, బండి ముందు పగలగొడతాం. బలికి బదులుగా ఆ పని చేస్తున్నామని ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. చూసినవాడు దాన్ని నెత్తురని నమ్మక్కర్లేదు, నెత్తురు గుర్తుకొస్తే చాలు. నేనూ రంగస్థలం మీద అంతే చేశాను. కత్తి దూసిన చప్పుడు, దీపం తగ్గడం, పడిపోయినవాడి భుజం మీంచి ఎర్ర కండువా జారడం. వెనక వరసలో కూర్చున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. ఒక్క చుక్క రంగు ఒలకలేదు.

మేనకోడలు: మీ ప్రేక్షకులు దూరంగా కూర్చునేవారు. కండువా వాళ్లకి నెత్తురైంది. నా కెమెరా జానెడు దూరంలో ఉంటుంది. ఇక్కడ కండువా కండువాగానే పడుతుంది. ఎర్రనీళ్లు కూడా పనికిరావు, కావాలంటే ఈ పళ్లెంలో చూడండి. పసుపులో ఉండే కర్క్యుమిన్‌కి సున్నం లాంటి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. బట్టమీద పసుపు మరకకి సబ్బు రుద్దితే ఎర్రబడేది అందుకే. రెండు చుక్కల నిమ్మరసం పిండితే, ఇదిగో, మళ్లీ పసుపే. ఎరుపెక్కినప్పుడు కూడా పల్చగా నారింజ వైపు మొగ్గుతుంది. పైగా సున్నం కంట్లో పడితే ప్రమాదం. హారతి పళ్లెంలో ఉండాల్సింది మనిషి మొహం మీదికి తేకూడదు.

మామయ్య: అయితే నీ వాదం కెమెరా దగ్గరికొచ్చిందనేగా? 1960లో హిచ్‌కాక్ సైకో తీసినప్పుడు కూడా కెమెరా దగ్గరగానే ఉంది. నలుపు తెలుపు సినిమా, నెత్తురుకి చాక్లెట్ సిరప్ వాడారు. స్నానాలగదిలో జరిగే హత్యలో కత్తి ఒంట్లో దిగడం స్పష్టంగా కనపడదు. నీళ్లతో పాటు ఆ నల్లటి ధార తూములోకి సుడి తిరుగుతూ పోవడం కనపడుతుంది. జనం హడలిపోయారు. ఎరుపే లేకుండా అంత పని జరిగింది.

మేనకోడలు: ఎరుపు లేకపోయినా చిక్కదనం ఉంది కదా! నేను చెప్పేదీ అదే. చాక్లెట్ సిరప్ ఎందుకు పనికొచ్చింది? నీళ్లలో కలిసేముందు ఒక్క క్షణం తన బరువుతో తాను నిలబడుతుంది. నెత్తురు నీటికంటే మూడు నాలుగు రెట్లు చిక్కన. రంగునీళ్లు చర్మం మీద గబగబా జారిపోతాయి. నెత్తురు జారుతూ ఆగుతుంది, ఆగి మళ్లీ జారుతుంది. కన్ను ముందు పట్టుకునేది ఆ నడకనే, రంగు తర్వాతే. అందుకే నేను ముందు గంజి కాస్తాను. గ్లాసు నీళ్లలో పెద్ద చెంచాడు మొక్కజొన్న పిండి ఉండకట్టకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే చిక్కబడుతుంది. చల్లారాక అరగ్లాసు లిక్విడ్ గ్లూకోజు. బేకరీ సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది. అది లేకపోతే పంచదార లేతపాకం పట్టి, గడ్డకట్టకుండా నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే సరి.

మామయ్య: సరే, ఇప్పుడు ఎరుపు పోస్తావు. గులాబీ షర్బతు తయారవుతుంది.

మేనకోడలు: ఎరుపొక్కటే పోసి ఊరుకుంటే అదే అవుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. తినే రంగు తేటగా ఉంటుంది, వెనకున్నది కనపడుతుంది. నెత్తురులో ఎర్రకణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి వెనకది కనపడదు. పావు చెంచా ఎర్రరంగు పొడి తడిపి పోశాక, చెంచాడు కోకో పొడి పడాలి. దాంతో తేటదనం పోయి మట్టిఛాయ వస్తుంది. తర్వాత పుల్ల మొనతో ఆకుపచ్చ రంగు, కనపడీ కనపడనంత. ఎరుపులోని గులాబీతనాన్ని అది చంపేస్తుంది. ఇప్పుడు తెల్ల పళ్లెం మీద ఒక చుక్క వేసి వంచుతాను, చూడండి. చుక్క జారిన దారిలో అంచు గులాబీగా కనపడితే ఇంకా కోకో కావాలి. అంచు ఇటుకరంగు చూపిస్తూ నడుమ నల్లెరుపుగా నిలబడితే అయినట్టే.

మామయ్య: అంచు ఇంకా గులాబీగానే ఉంది.

మేనకోడలు: ఉంది. ఇంకో పావు చెంచా కోకో వేస్తున్నా. ట్యూబులైటు కింద సరిపోయింది కదా అని వదలకూడదు, ఏ వెలుతురులో ఫొటో తీస్తారో ఆ వెలుతురులోనే చూడాలి. మరీ మెరిసే ఎరుపైతే డిజిటల్ కెమెరాలో ఎరుపు ఛానెల్ నిండిపోతుంది, లోపలి వివరమంతా పోయి చదునైన మచ్చ పడుతుంది. ఫోనైతే దానికి తోడు రంగుల్ని ఇంకాస్త పెంచి చూపిస్తుంది. అందుకని కంటికి కొంచెం ఎక్కువ ముదురు అనిపించిందే ఫొటోలో సరిగ్గా ఉంటుంది.

మామయ్య: నీ పనితనానికి వంక పెట్టను. కానీ ఒంటిమీద వేసేదాని గురించి మాకో పాత భయం ఉంది. వీధినాటకాల రోజుల్లో మొహానికి అర్దళం పూసుకునేవారు. పసుపుపచ్చగా మెరిసేది. అది ఆర్సెనిక్ ఖనిజమని ఎంతమందికి తెలుసు? ఎరుపుకి ఇంగిలీకం ఉండేది, అందులో పాదరసం. కొన్ని సింధూరాల్లో సీసం కలుస్తుంది. రంగు బాగుందని మొహానికి పూసినవాళ్లే ఎప్పుడూ నష్టపోయారు. మొన్నమొన్న ఒక బడిలో పిల్లవాడికి స్వాతంత్ర్య సమరయోధుడి వేషం వేసి, నుదుటి మీద బొమ్మలకి వాడే ఎర్రరంగు పూశారు. సాయంత్రానికి నుదురంతా దద్దుర్లు. ఆ వేషానికి నెత్తురు అవసరమా?

మేనకోడలు: ఆ రంగు అవసరం లేదు, అందుకే ఇంట్లో చేసుకోమంటున్నాను. ఏం వేశామో తెలిసిందే ఒంటికి తాకాలి. సిరా, బట్టలకద్దే రంగు, బొమ్మల రంగు, హోలీ రంగు, ఏవీ వద్దు. తినే రంగు కొన్నా సీసా మీద పేరు చదవాలి. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న ఎరుపుల్లో పాన్సో 4ఆర్, కార్మోసిన్, ఎరిత్రోసిన్ ఉన్నాయి. పేరూ ఊరూ లేని పొట్లంలో రోడమిన్-బి ఉండొచ్చు. 2024లో తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వాలు రంగు కలిపిన పీచుమిఠాయి మీద నిషేధం పెట్టింది ఆ రంగు గురించే. అన్నీ మంచివే వేసినా, ముందురోజు మోచేతి లోపలివైపు చుక్క రాసి చూడాలి. రంగు వేసేముందు చర్మానికి కొబ్బరినూనె పల్చగా పట్టిస్తే తర్వాత మరక తేలిగ్గా వదులుతుంది. కంటి దగ్గరికి పోకూడదు, నిజంగా గాటు ఉన్నచోట అసలే పూయకూడదు. కొందరు చిక్కదనానికి వేరుశనగ వెన్న కలుపుతారు. అది పడనివాళ్లుంటారు, అడక్కుండా వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

మామయ్య: నోట్లోంచి కారాల్సిన నెత్తురుంటే?

మేనకోడలు: దానికి వేరే గిన్నె. డిక్ స్మిత్ అని అమెరికాలో గొప్ప మేకప్ నిపుణుడు, గాడ్‌ఫాదర్, ఎగ్జార్సిస్ట్, టాక్సీ డ్రైవర్ సినిమాలకి పనిచేశాడు. మొక్కజొన్న సిరప్, తినే రంగులు, మరుగు కోసం జింక్ ఆక్సైడు, చెడిపోకుండా మిథైల్ పారబెన్, అన్నీ లెక్కగా కలిపేవాడు. బట్టమీద బాగా పరుచుకోడానికి ఫిల్ము కడిగే ఫొటో-ఫ్లో అనే ద్రవం కూడా వేసేవాడు. ఆ ద్రవం పడ్డది నోటికి పనికిరాదు. ఇంట్లో మనం దాని బదులు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తాం. అదీ నోటికి, కంటికి పనికిరాదు. అందుకే రెండు సీసాలు, రెండింటి మీదా పెద్ద అక్షరాలతో చీటీలు. నోటిదాంట్లో పాకం, తినే రంగు, కోకో తప్ప ఇంకేమీ ఉండవు. ఏదైనా ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. గంజి పులిస్తే పారబోయడమే.

మామయ్య: పాకమంటే చీమలు, ఈగలు. నటుడు కదలకుండా పడుకోవాలి పాపం.

మేనకోడలు: ఆ బాధ పెద్దపెద్దవాళ్లే పడ్డారు. 1976లో క్యారీ సినిమా తీసినప్పుడు నటి సిసీ స్పేసెక్ మీద పోసింది సిరప్పే. లైట్ల వేడికి ఎండి ఒంటికి అంటుకుపోయేది. మరుసటి రోజు షూటింగుకి తేడా రాకూడదని ఆమె ఆ బట్టలతోనే నిద్రపోయింది. 1981లో వచ్చిన ఈవిల్ డెడ్ సినిమాలో నటుడు బ్రూస్ క్యాంప్‌బెల్ సిరప్పుతో తడిసిన చొక్కా మంట దగ్గర ఆరబెడితే గట్టిపడి విరిగిందట. అందుకే ఎక్కువసేపు తీసే ఫొటోలకి పాకం తగ్గించి, మందుల షాపులో దొరికే గ్లిజరిన్ కలుపుతాను. త్వరగా ఆరదు, మెరుపు నిలుస్తుంది. ఈ సంగతి పారిస్‌లో గ్రాండ్ గిన్యోల్ నాటకశాల వాళ్లకి ఎప్పుడో తెలుసు. 1897 నుంచి 1962 దాకా నడిచింది. కార్మైన్ ఎరుపుని గ్లిజరిన్‌లో కలిపేవారు.

మామయ్య: మంచి పేరే ఎత్తావు. ఆ నాటకశాల బతికిందే నెత్తురు అమ్ముకుని. నా అసలు అభ్యంతరం అక్కడే ఉంది తల్లీ. పడని రంగుతో చర్మం మీద వచ్చిన దద్దురు రెండు రోజుల్లో మానుతుంది. మనసు మొద్దుబారితే మానదు. ఈ రోజు చెంచాడు చూసి ఉలిక్కిపడ్డవాడికి రేపు గ్లాసుడు కావాలి, ఎల్లుండి బకెట్టుడు. టాక్సీ డ్రైవర్ చివర్లో కాల్పుల సన్నివేశానికి ఎరుపు మరీ ఎక్కువైందని, సర్టిఫికెట్ కోసం రంగు వెలవెలబోయేలా మార్చుకున్నారు. తీసినవాళ్లకే పట్టపగ్గాలు లేకపోతే ఇంట్లో ఫోను పట్టుకున్న కుర్రాడికి ఎవరు చెప్తారు? సరదాకి కత్తిపోటు ఫొటో తీసి పెడతాడు. ఆ ఫొటో ఊళ్లు దాటుతుంది. నిజంగా ఎక్కడో దాడి జరిగిందని జనం నమ్ముతారు. కొడుకు ఊళ్లో లేని తల్లి చూస్తే ఏమవుతుంది?

మేనకోడలు: ఆ భయం న్యాయమైందే. కానీ నెత్తురు ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లే తొందరగా మోసపోరు. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారుతుందని చూపించి డబ్బులు గుంజేవాళ్లుంటారు. మందారపువ్వు రేకలు కత్తికి రుద్ది ఆరనిస్తే, నిమ్మరసం పులుపుకి ఎర్రబడుతుంది. జనవిజ్ఞాన వేదిక లాంటి సంస్థలవాళ్లు ఇలాంటి మహిమల గుట్టు ఊరూరా తిరిగి విప్పుతారు. చూసిన పిల్లలు మళ్లీ ఆ మాటలకి పడరు. తన చేత్తో కోకో కలిపిన పిల్లవాడు సినిమాలో నెత్తురు చూసి ఇది ఎలా చేశారు అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుడితే మత్తు దిగుతుంది.

మామయ్య: కలిపినవాడికి తెలుస్తుంది. చూసేవాడు కలపలేదుగా?

మేనకోడలు: దానికి ఒకటే మార్గం. ఇది నటన అని ఫొటో లోపలే ముద్ర వేయాలి. పక్కన రాసిన మాటని కత్తిరించి ఫొటో ఒక్కటే పంపిస్తారు కాబట్టి, కత్తిరించడానికి వీల్లేని చోట ఉండాలి. రోడ్డు మీద తీస్తే ముందుగా పోలీస్ స్టేషన్లో చెప్పాలి, అటూ ఇటూ మనుషుల్ని నిలబెట్టి వచ్చేపోయేవాళ్లకి చెప్పించాలి. పని అయ్యాక నేల కడిగి వెళ్లాలి. ఆ జిగురు మీద బండి జారితే మనం ఆడిన ప్రమాదం నిజమవుతుంది. ఈ మాత్రం చేయలేనివాళ్లు గది దాటి బయట తీయకూడదు. ఇందులో మీతో నాకు పేచీ లేదు.

మామయ్య: మరి ఇదిగో, విద్యార్థులు పంపిన ఈ ఫొటో నమూనా చూడు. బండి పక్కన కుర్రాడు వెల్లకిలా పడ్డాడు, తల కింద మడుగు, చొక్కా అంతా ఎరుపు, మొహమంతా ఎరుపు. ఇక్కడ గాయం ఎక్కడుంది? దర్శకుడిగా అడుగుతున్నాను. ఏది తగిలింది? తగిలి ఎంతసేపైంది?

మేనకోడలు: అది నేనూ ఒప్పుకోను. గాయం ఎక్కడో తెలియకుండా రంగు పోశారు. ధమని తెగితే ఎర్రగా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతుంది. సిర తెగితే ముదురుగా, ఆగకుండా పారుతుంది. చర్మం గీరుకుపోతే చిన్న చిన్న చుక్కలుగా ఊరుతుంది. వెల్లకిలా పడ్డవాడి నుదుటి మీద గాయముంటే ధార చెవి వైపు పోవాలి, గడ్డం మీదికి రాకూడదు. కాసేపయ్యాక అంచులు ముందు ఆరతాయి, గోధుమరంగుకి తిరుగుతాయి. హిమోగ్లోబిన్‌లోని ఇనుముకి గాలి తగిలి వచ్చే మార్పు అది. అందుకే ఆరిన అంచుకి కాఫీ పొడి అద్దుతాను. ఇక మడుగంటారా, పెద్దమనిషి ఒంట్లో ఉండేదే అటూ ఇటూగా అయిదు లీటర్లు. రెండు లీటర్లు పోతే ప్రాణం దక్కడం కష్టం. అరగ్లాసు నేలమీద ఒలికితేనే చూడలేం. ఈ నమూనాలో ఉన్నంత నెత్తురు పోతే ఇక అంబులెన్సు వచ్చీ లాభం లేదు. రోడ్డు భద్రత నేర్పే ఫొటో ఆ మాట చెప్పకూడదు.

మామయ్య: ఆ మాట నువ్వన్నావా! అయితే విను. నీ లెక్కలన్నీ సరిచేసి, ధార చెవి వైపే పోనిచ్చినా, ఆ ఫొటో చూసినవాడు ఏం చేస్తాడు? అయ్యో అనుకుని తల తిప్పుకుంటాడు. నిజం రోడ్డు మీదా అదే చేస్తాడు. చుట్టూ మూగుతారు, ఫోన్లు తీస్తారు, ఒక్కడు వంగడు. నెత్తురంటే జంకు. చూపించి చూపించి ఆ జంకుని పెంచకు.

మేనకోడలు: ఆ జంకు పోగొట్టడానికే డాక్టర్లకీ నర్సులకీ సహాయక దళాలకీ శిక్షణలో నకిలీ గాయాలు వేస్తారు మామయ్యా. మొదటిసారి చూసినప్పుడు చేతులు వణుకుతాయి. నకిలీది ముట్టుకుని, నొక్కి, కట్టు కట్టి అలవాటైన చేయి నిజమైనది చూసినప్పుడు ఆగిపోదు. ఎర్ర కండువా జారవిడిస్తే ప్రేక్షకుడు ఏడుస్తాడేమో గాని, ఎక్కడ నొక్కాలో తెలుసుకోలేడు. నెత్తురు ఎక్కడినుంచి వస్తోందో కనపడాలి. అందుకే నాకు నిజంలా ఉండే నెత్తురు కావాలి.

మామయ్య: నొక్కడం అన్నావే, ఆ నమూనాలో నొక్కే చేయి ఎక్కడుంది?

మేనకోడలు: లేదు.

మామయ్య: అది పెట్టు. పడినవాడు ఒక్కడే ఫొటోలో ఉండకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, మడతపెట్టిన తువ్వాలు గాయం మీద రెండు చేతులతో అదిమిపట్టిన మనిషి ఉండాలి. ఇంకొకడు 108కి ఫోన్ చేస్తూ ఉండాలి. నెత్తురు తువ్వాలు అంచుదాకా వచ్చి ఆగాలి. ఆ నెత్తురైతే నాకు అభ్యంతరం లేదు. అది ఆగుతోందని చెప్పడానికి ఉంది.

మేనకోడలు: అలాగైతే తువ్వాలు తడిసినా తీయకూడదు, దానిమీదే ఇంకోటి వేసి నొక్కాలి. రెండు తువ్వాళ్లతో తీయిస్తాను. కిందదానికి నల్లెరుపు, పైదానికి అక్కడక్కడా తాజా ఎరుపు. కాపాడినవాడు పేరు చెప్పక్కర్లేదని, కేసుల్లో ఇరికించరని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. ఆ మాట ఫొటో కింద పెద్ద అక్షరాలతో రాయిస్తాను. కానీ గాయాన్ని దగ్గరగా తీసిన ఫొటోలు కూడా ఉంటాయి. ప్రథమ చికిత్స నేర్చుకునేవాళ్లకి అవి కావాలి. వాటిని వదులుకోను.

మామయ్య: వదులుకోమనను. గుమ్మం దగ్గర, చిన్నపిల్లలు తిరిగే చోట మాత్రం పెట్టకు. అది నేను ఒప్పుకోను.

మేనకోడలు: తువ్వాలు ఫొటో గుమ్మం దగ్గర పెడదాం. గాయాల ఫొటోలు శిక్షణ ఇచ్చే గదిలో.

మామయ్య: ఆ గది బయట ఒక మనిషి ఉండి, లోపల ఏముందో ముందే చెప్పాలి. చూడలేనన్నవాడిని బలవంతపెట్టకూడదు. చూస్తానన్నవాడి చేతికి ఒక తువ్వాలిచ్చి, ఎలా నొక్కాలో నేర్పి పంపాలి. నేర్పేవాడు లేని రోజున ఆ గదికి తాళం వెయ్యి.